ముందు దించాల్సిన కుర్చీ

…కుర్చీ, తర్వాత స్టవ్వు, తర్వాత నీళ్ల బకెట్లు, తర్వాత పరుపులు, ఇదీ దింపే వరస, ఎక్కించేటప్పుడు దీన్ని తిరగెయ్యాలి, ముందు దిగాల్సింది చివర ఎక్కాలి, ఇరవై ఆరేళ్లుగా ఇదే పద్ధతి, నిద్రలో లేపి అడిగినా చెబుతాను, కాబట్టి వ్యాను వెనక తలుపు తియ్యగానే చేతికి దొరకాల్సింది కుర్చీ, తలుపుకి ఆనుకుని ఉంటుంది, ఇనప మడత కుర్చీ, ఆకుపచ్చ నవారు, ఒక కాలు పొట్టిదైతే తాళ్లన్న టైరు ముక్క కొట్టి సరిచేసిన కుర్చీ, తలుపు వేసేటప్పుడు అది నా మోకాలికి తగలాలి, ఏళ్ల తరబడి తగిలింది, తగిలి తగిలి మచ్చ కూడా పడింది, నిన్న పొద్దున తలుపు వేశాను, గడి పెట్టాను, తాళం వేశాను, మోకాలికి ఏమీ తగల్లేదు, తగల్లేదంటే, ఆగు, తగల్లేదంటే కుర్చీ వ్యానులో లేదు, ఆరొందల కిలోమీటర్లు వచ్చాక నా మోకాలికి గుర్తొచ్చింది, మోకాలికి బుర్ర ఉంది, నాకే లేదు, వ్యాను పక్కకి తీశాను, వెనకవాడు హారన్ కొట్టి తిట్టుకుంటూ పోయాడు, పోనీ, దిగాను, తాళం తీశాను, స్టవ్వు ఉంది, బకెట్లు ఒకదానిలో ఒకటి దూరి కూర్చున్నాయి, పరుపులు చుట్టలు చుట్టి ఉన్నాయి, కుట్టు మిషను దుప్పటి కప్పుకుని పెళ్లికూతురిలా ముసుగేసుకుని ఉంది, కుర్చీ లేదు, పరుపుల కింద చెయ్యి పెట్టి చూశాను, బీరువా వెనక చూశాను, బీరువా వెనక కుర్చీ పట్టదని తెలిసి కూడా చూశాను, కొంప మునిగింది, తాళ్లన్న భార్య, మా వదిన, అడిగింది అదొక్కటే.

ఏది పగిలినా పర్వాలేదు బడాయీ, గ్లాసులు పోనీ, అద్దం పోనీ, ఆయన కుర్చీ మాత్రం ముందు దించు, అని రైలు కిటికీలోంచి చెప్పింది, ఇల్లు అమ్ముకుంటున్నామని ఓనరు చెప్పినప్పటి నుంచి ఆవిడ ఏదీ గట్టిగా అడగలేదు, దేశం ఆ చివరనున్న చెల్లెలి దగ్గరికి వెళ్లిపోతాను, ఇద్దరం కలిసి బట్టలు కుట్టుకుంటాం అని చెప్పినప్పుడు కూడా ఊళ్లో ఎవరికీ కష్టం కలిగించకుండా చెప్పింది, మూడు రోజుల ముందే తాళాలు తీసుకోవడానికి రైల్లో వెళ్లిపోయింది, సామాను నేను తెస్తాను వదినా, నాకు ఏమీ ఇవ్వొద్దు, ఇస్తే కోపం వస్తుంది అన్నాను, ఆవిడ సరే అంది, కుర్చీ సంగతి మాత్రం రైలు కదిలేటప్పుడు మళ్లీ అంది, ముందు దించు అని, నేను ప్లాట్‌ఫారం మీద నడుస్తూ, ముందేంటి వదినా, వ్యాను ఆగకముందే కుర్చీ దానంతటదే దిగి వచ్చి నీ ముందు నిలబడుతుంది అన్నాను, ఆవిడ నవ్వలేదు, తల ఊపింది, ఇప్పుడు ఆ కుర్చీ ఖాళీ ఇంటి వరండాలో కూర్చుని ఉంది, కుర్చీ కూర్చోవడమేంటి, కుర్చీ మీద ఎవరూ కూర్చుని లేరు, అదీ మాట, అసలెలా మర్చిపోయాను, ఓనరు వచ్చాడు కదా, తాళాలు తాళాలు అని తొందర పెట్టాడు, కొత్తగా కొనేవాళ్లు చూడ్డానికి వస్తున్నారన్నాడు, ఆ కంగారులో మర్చిపోయాను, అంతే, వాడి వల్లే.

మళ్లీ ఎక్కి స్టార్ట్ చేశాను, వెనక్కి తిరగడం కుదరదు, వదిన వాళ్ల బిల్డింగులో సాయంత్రం ఆరు తర్వాత సామాను దింపనివ్వరట, అక్కడి వాచ్‌మన్ చండశాసనుడట, ఇప్పుడు పదకొండైంది, దారి బాగుంటే నాలుగున్నరకి చేరతాను, చేరి ఏం చెప్పాలి, తలుపు తీస్తాను, వదిన మెట్ల దగ్గర నిలబడి ఉంటుంది, స్టవ్వు దించుతాను, ఆవిడ స్టవ్వు వైపు చూడదు, స్టవ్వు వెనక చూస్తుంది, అబ్బ, ఆ కుర్చీ మొదలైన రోజు కూడా ఇలాగే ఎండ, నేనూ తాళ్లన్నా ఈ పనిలో దిగిన మొదటి సంవత్సరం, నేను డ్రైవింగు, వాడు తాళ్లు, వాడు వేసిన ముడి విప్పాలంటే వాడే రావాలి, ఒకసారి వాడు జ్వరంతో పడుకుంటే ఒక ఇంటి బీరువా మూడు వారాలు వ్యానులోనే ఉండిపోయింది, ఆ ఇంటాయన రోజూ వ్యాను ఎక్కి బీరువాలోంచి చొక్కా తీసుకుని ఆఫీసుకి వెళ్లేవాడు, సరే, మూడు వారాలు కాదు, మూడు గంటలు, ఆ రోజు ఒక ముసలావిడ ఇల్లు మారుస్తున్నాం, ఆవిడ కొడుకులు, కోడళ్లు, మేము, అందరం బయటికీ లోపలికీ తిరుగుతున్నాం, ఆవిడ గది మూల గోడకి ఆనుకుని నిలబడింది, ఎటు జరిగినా ఎవరో ఒకరు అమ్మా జరుగు అంటున్నారు, నాలుగు గంటలు నిలబడింది, కుర్చీలన్నీ వ్యానులో అడుగున ఉన్నాయి, చివరికి తాళ్లన్న చూశాడు, తాళ్ల మోపు మడిచి నేల మీద వేసి కూర్చోమన్నాడు, ఆవిడ కూర్చుని ఒక్కసారి ఊపిరి వదిలింది, ఆ ఊపిరి చప్పుడు నాకూ వినబడింది, మర్నాడు పాత ఇనప కొట్లో ఈ కుర్చీ కొన్నాడు, అప్పటి నుంచి ఎవరి ఇల్లయినా సరే ముందు మా కుర్చీ దిగాలి, ఆ ఇంటి పెద్దవాళ్లు అందులో కూర్చోవాలి, కూర్చుని అది అక్కడ పెట్టండి, ఇది ఇక్కడ పెట్టండి అని చెప్పాలి, అప్పుడే మిగతా సామాను, జనం ముందు నవ్వేవాళ్లు, తర్వాత కూర్చునేవాళ్లు, కొందరు కూర్చుని ఏడ్చేవాళ్లు, అప్పుడు తాళ్లన్న నన్ను మోచేత్తో పొడిచేవాడు, చెప్పరా ఏదో ఒకటి అని, నేను మొదలుపెట్టేవాణ్ణి.

మొదలుపెడితే ఆగేది కాదు, గాలివానలో వంతెన దాటిన కథ, గాలి ఎంత గట్టిగా వెనక నుంచి తోసిందంటే రివర్సు గేరులో పెట్టినా వ్యాను ముందుకే పోయింది, అలా రివర్సులోనే రెండు ఊళ్లు దాటాం, పెట్రోలు ఖర్చు కాకపోగా ట్యాంకులో రెండు లీటర్లు పెరిగింది, అని చెప్పేవాణ్ణి, వినేవాళ్లు నా మొహం చూసేవాళ్లు కాదు, తాళ్లన్న మొహం చూసేవాళ్లు, నిజమేనా అన్నట్టు, వాడు ముడి వేసుకుంటూ తల ఊపేవాడు, అంతే, ఒక్క మాట అనేవాడు కాదు, గంభీరంగా తల పైకీ కిందికీ, నేను పక్కనే ఉన్నా కదండీ అన్నట్టు, వాడి మొహంలో అబద్ధం పట్టేంత చోటు లేదు, నలుగురికి తెలుసు ఆ సంగతి, అందుకే నా కథలు చెల్లాయి, నాకు బడాయి అని పేరు పెట్టినవాళ్లే తాళ్లన్న తల ఊపగానే నోరు మూసుకునేవాళ్లు, నా పెళ్లిచూపులకి కూడా వాణ్ణే తీసుకెళ్లాను, కాఫీ ఇచ్చారు, పిల్ల బాగుంది, పిల్ల తండ్రి ఏం చేస్తుంటావు బాబూ అన్నాడు, వ్యాను నడుపుతానంటే సరిపోయేది, ఊరుకోలేకపోయాను, కొండ మీద బ్రేకులు పోతే ముప్పై ఆరు మలుపులు హారన్‌తోనే తిప్పుకొచ్చానని చెప్పాను, తాళ్లన్న తల ఊపాడు, పిల్ల తండ్రి కూడా తల ఊపాడు, నేను పదిహేడేళ్లు బస్సు డ్రైవర్ని నాయనా, హారన్‌తో ఎలా తిప్పాలో కాస్త నేర్పుతావా అన్నాడు, బయటికొచ్చాక తాళ్లన్న, ముప్పై ఆరు ఎక్కువైందిరా, పన్నెండు అనాల్సింది అన్నాడు, అదొక్కటే వాడు నన్ను దిద్దింది, తర్వాత మళ్లీ చూపులకి వెళ్లలేదు, వెళ్లాల్సిన పని కూడా అనిపించలేదు, సాయంత్రమైతే వదిన మూడో కంచం పెట్టేది, తినేసి, వ్యానులోంచి దింపి తాళ్లన్న కూర్చునే ఆ కుర్చీ ఎదురుగా గడప మీద కూర్చుని ఆ రోజు కథ చెబితే వదిన సూదిలో దారం ఎక్కిస్తూ నిజమేనా అని మొగుణ్ణి అడిగేది, ఆయన తల ఊపేవాడు, ఆవిడ దారం కొరికి మళ్లీ సూది మీదకి తల వంచేది, ఇలా ఇన్నేళ్లు.

చెక్‌పోస్టు దగ్గర ఆపారు, టోపీ పెట్టుకున్న ఆఫీసరు కాగితాలు చూసి, ఏముంది వెనకాల అన్నాడు, ఒక ఇల్లు సార్ అన్నాను, ఇల్లు ఎవరిది, మా వదినది, తెరువు, తెరిచాను, చూశాడు, ఏదో వెతుకుతున్నావా అంత దిగులుగా చూస్తున్నావు అన్నాడు, కుర్చీ సార్ అన్నాను, కుర్చీ మర్చిపోయాను, ఎలాగంటే సార్, సామాను ఎక్కించడానికి వచ్చిన కూలీలిద్దరు కవలలు, ఒకడు ఎక్కించిందాన్ని రెండోవాడు ఎవరిదో అనుకుని దించాడు, అలా పొద్దున నుంచి అదే కుర్చీ పద్నాలుగుసార్లు ఎక్కీ దిగీ, చివరికి దిగిన వంతులో ఉండగా నేను బండి కదిలించేశాను, అని నాకు తెలియకుండానే పక్కకి తిరిగి చూశాను, తాళ్లన్న వైపు, తల ఊపుతాడని, పక్కన చెక్‌పోస్టు గొలుసు ఊగుతోంది, ఎవరూ లేరు, ఆఫీసరు నా వైపే చూస్తున్నాడు, నవ్వలేదు, తిట్టలేదు, ఏదో జబ్బు మనిషిని చూసినట్టు చూసి, ఒంటరిగా వెళ్తున్నావా అన్నాడు, అవునండీ అన్నాను, మధ్యమధ్యలో ఆగి టీ తాగు, అలా ఏకబిగిన నడపకు అన్నాడు, ఏమైనా తిట్టి ఉంటే బాగుండేది.

పక్క సీటు ఖాళీగా ఉంటే గుంతల్లో ఎగిరిపడుతుంది, స్ప్రింగుల చప్పుడు, ఇన్నాళ్లూ ఆ సీటుకి చప్పుడుందని నాకు తెలీదు, వాడి బరువుకి అణిగి ఉండేది, ఆ బరువు చివర్లో ఎటుపోయిందో, ఊపిరితిత్తులు, డాక్టరు ఏదో పెద్ద పేరు చెప్పాడు, పడుకుంటే ఊపిరి ఆడేది కాదు, కూర్చుంటేనే ఆడేది, కాబట్టి ఆ కుర్చీయే మంచం అయిపోయింది, నాలుగు నెలలు వరండాలో కుర్చీలోనే, ఒళ్లో దిండు పెట్టుకుని, దాని మీద మోచేతులు పెట్టుకుని, నేను ఒంటిగా ట్రిప్పులు వేసి వచ్చి గడప మీద కూర్చునేవాణ్ణి, ఇవాళ ఏం జరిగిందో తెలుసా అన్నా అని మొదలుపెట్టేవాణ్ణి, నిజానికి ఏమీ జరిగేది కాదు, బీరువా ఎక్కించాను, బీరువా దించాను, అంతే, కానీ వాడు ఎదురు చూసేవాడు కదా, అందుకని నలభై చిలకలున్న ఇంటి సామాను మార్చాననీ, అవన్నీ కలిసి వ్యాను ఎత్తుకుపోయి మూడో అంతస్తులో దించాయనీ, మెట్ల బాధ తప్పిందనీ చెప్పాను, ఆ రోజే వాడి ఆఖరి సాయంత్రం, మాకు తెలీదు, వదిన నిజమేనా అంది, వాడికి మాట రావట్లేదు, తల మాత్రం కదిలింది, పైకీ కిందికీ, నిదానంగా, ఒక్కసారే, ఎనిమిది నెలలైంది, ఆ తర్వాత కూడా నేను వెళ్లేవాణ్ణి, వదిన కంచం పెట్టేది, నేను తినేవాణ్ణి, కుర్చీ వైపు ఇద్దరం చూసేవాళ్లం కాదు, కథ గొంతులోకి వచ్చి అక్కడే కూర్చునేది, నిజమేనా అని ఎవర్ని అడగాలి ఆవిడ, ఒకరోజు మొదలుపెట్టాను, గాలిపటం తోక వ్యానుకి చుట్టుకుని అని, ఆవిడ అలవాటుగా కుర్చీ వైపు తిరిగింది, మళ్లీ ఇటు తిరిగి, ఇంకాస్త పెట్టనా అంది, నేను చాలు వదినా అన్నాను, ఆ గాలిపటం ఇంకా అక్కడే ఉంది.

ఏదో ఊరు వస్తోంది, ఈ ఊరు నాకు తెలుసు, అదిగో ఆ పసుపు రంగు మేడ, రెండో అంతస్తు బాల్కనీ, దాన్లోకి పెద్ద డైనింగు టేబులు తాడుతో లాగి ఎక్కించాం, కింద నుంచి నేను అరుస్తుంటే పైనుంచి తాళ్లన్న ఒక చేత్తో తాడు పట్టుకుని రెండో చేత్తో తల గోక్కున్నాడు, ఇది నిజంగా నిజం, ఆ ఇంటావిడ మా కుర్చీలో కూర్చుని మమ్మల్ని చూసి పడీ పడీ నవ్వింది, వెళ్లేటప్పుడు మళ్లీ రండి అంది, అందరూ అంటారు, బాల్కనీలో ఇప్పుడు ఎర్ర తువ్వాలు ఆరేసి ఉంది, ఆపి తలుపు కొడితే, ఎవరు మీరు అంటే, పన్నెండేళ్ల కిందట మీ టేబులు ఎక్కించినవాణ్ణి అనాలి, ఏమైనా విరిగిందా, ఏమైనా మర్చిపోయారా అంటుంది, ఏమీ లేదండీ ఊరికే అంటే తలుపు వేసుకుంటుంది, తప్పు లేదు, నేనైనా వేసుకుంటాను, పసుపు మేడ వెనక్కి పోయింది, సరే, వదినకి ఏం చెప్పాలి, అది చూడు ముందు, కుర్చీని చెక్‌పోస్టులో పట్టుకున్నారని చెబితే, మరీ గొప్ప కుర్చీ కాబట్టి ప్రభుత్వం తీసుకుందని, వద్దు, దారిలో కాళ్లు నొప్పులున్న ఒక ముసలాయన కనబడితే ఇచ్చేశాననీ, అది మంచి కథే, తాళ్లన్న అయితే ఇచ్చేసేవాడే, వదిన కోప్పడదు, ఏడుస్తుంది కూడా, మంచి పని చేశావు అంటుంది, అని ఆ ముసలాయనకి తెల్లటి గడ్డం పెట్టాను, ఒక చేతికర్ర ఇచ్చాను, గడ్డం తీసేశాను, ఎంత చక్కగా వచ్చిందో చూడమని పక్క సీటు వైపు చూశాను, సీటు గుంతలో ఎగిరిపడింది, స్ప్రింగు కిర్రుమంది, ముసలాయన దిగి వెళ్లిపోయాడు.

ఫోను మోగింది, పక్కకి తీసి ఆపాను, ఎక్కడున్నావు బడాయీ అంది వదిన, వెనకాల కుట్టు మిషను చప్పుడు, చెల్లెలు కుడుతున్నట్టుంది, ఇంకో మూడు గంటలు వదినా అన్నాను, తిన్నావా అంది, బన్ను తిన్నాను, బన్ను తిండేంటి, సరే, వచ్చాక వేడిగా తిందువుగాని, వాచ్‌మన్‌తో మాట్లాడాను, మనిషి మంచాడే, మీసాలే భయంగా ఉన్నాయి, మెట్ల కింద కాస్త చోటు ఊడిపించాను, కుర్చీ అక్కడ వేస్తే ఎండ తగలదు, అంది, నా నోట్లో ముసలాయన తయారుగా ఉన్నాడు, చేతికర్రతో సహా, కానీ ఊడిపించాను అన్న మాట విన్నాక ఆయన నోరు దాటి రాలేదు, వదినా, కుర్చీ తేలేదు, మర్చిపోయాను, అన్నాను, ఊఁ చెప్పు అంది, చెప్పడానికేం లేదు వదినా మర్చిపోయాను, ఊఁ, ఎవరెత్తుకెళ్లారు ఈసారి, ఏనుగా, చిలకలా, అంది, గొంతులో నవ్వుంది, ఎనిమిది నెలల తర్వాత ఆవిడ గొంతులో నవ్వు, అది నాకు కావాల్సింది, కానీ ఇలా కాదు, ఒట్టు వదినా ఇది నిజం అన్నాను, నీ ఒట్లు ఎన్ని వినలేదు, మీ అన్న ఉంటే నిజమేనా అని అడిగేదాన్ని, ఇప్పుడెవర్ని అడగను అంది, అని ఆవిడకే ఆ మాట తగిలినట్టుంది, ఆగిపోయింది, మిషను చప్పుడు కూడా ఆగింది, నిజంగానే మర్చిపోయావా అంది మెల్లగా, అవును, ఎలా, ఓనరు తొందరపెట్టాడు వదినా, ఓనరు ఊళ్లో లేడు కదయ్యా, తాళం పక్కింటావిడకి ఇమ్మని నేనే కదా చెప్పింది, అంది, అవును, నిజమే, ఓనరు రాలేదు, మరి ఆ కంగారు, ఎవరు, నాకు ఎవరూ గుర్తు రావట్లేదు, కూలీలు ముందే వెళ్లిపోయారు, కవలలు కూడా కాదు, ఇల్లంతా ఖాళీ, నేను దగ్గితే నాలుగు గదులూ దగ్గాయి, కాసేపు కుర్చీలో కూర్చున్నాను, వాడి కుర్చీలో, మొదటిసారి, గడప ఎలా కనబడుతుందో అక్కడి నుంచి చూశాను, నేను కూర్చునే చోటు.

పోన్లే, కంగారుపడకు, పోయిన వస్తువుని ఇలా వెతుకుతారా ఎవరైనా, నిదానంగా గుర్తు తెచ్చుకో, చివరిసారి ఎక్కడ చూశావు దాన్ని, అంది వదిన, అందరూ అడిగేదే, తాళం చెవి పోయినా కళ్లజోడు పోయినా అడిగేదే, వరండాలో వదినా అనబోయాను, నోరు తెరిచాను కూడా, వరండాలో కాదు, వరండాలోంచి లేచాను, పక్కింట్లో తాళం ఇచ్చాను, తలుపు వేశాను, మోకాలికి తగల్లేదు, ఎక్కాను, స్టార్ట్ చేశాను, సందు చివరికి వచ్చాను, మలుపు తిరిగేముందు అద్దం చూసుకోవాలి, చూసుకున్నాను, ఎడమవైపు అద్దంలో వరండా, వరండాలో కుర్చీ, ఆకుపచ్చ నవారు మీద ఎండ పడుతోంది, టైరు ముక్క ఉన్న కాలు కూడా కనబడింది, అంత స్పష్టంగా, అద్దంలో అది చిన్నదవుతుంటే నేను చూస్తూనే ఉన్నాను, కాలు బ్రేకు మీదకి పోలేదు, రెండో గేరులోంచి మూడో గేరులోకి మార్చాను, ఇవాళ పొద్దున నుంచి ఓనరునీ కవలల్నీ పుట్టించి నాకు నేనే చెప్పుకున్నాను, తల ఊపింది కూడా నేనే, అద్దంలో చూశాను వదినా, అన్నాను, ఏ అద్దంలో, వ్యాను అద్దంలో, బయల్దేరాక, చూసి, అంది ఆవిడ, చూసి గేరు మార్చాను, అన్నాను, ఇక నాకు కట్టి చెప్పడానికి ఏమీ లేదు, ఆవిడ నిజమేనా అనలేదు, ఎవరినీ అడగలేదు, మిషను మళ్లీ మొదలైన చప్పుడులోంచి, అయితే ఎప్పుడు తెస్తావు, అంది, తెస్తాను వదినా, ఎప్పుడో చెప్పు, వచ్చే నెలలో, సరే, ఇవాళ్టికి నిలబడే చెబుతాలే ఏది ఎక్కడ పెట్టాలో, నువ్వు ఆరులోపు రా, మధ్యలో ఆ బన్నులు తినకు, అని పెట్టేసింది, నేను ఫోను పక్క సీటులో పెట్టాను, ఇంజను ఆన్‌లోనే ఉంది, అద్దంలో చూసుకున్నాను, ఖాళీ రోడ్డు, ఎండ, ఇరవై ఆరేళ్లు ఎన్ని ఇళ్లు మోశానో, ఎన్ని ఊళ్లు, ఎన్ని మెట్లు, మళ్లీ రండి అన్నవాళ్లు ఎందరో, ఒక్క ఇంటికీ రెండోసారి వెళ్లలేదు, సామాను మొత్తం దిగిపోయాక వ్యానువాడితో ఎవరికేం పని ఉంటుంది, అది నాకు తెలుసు, అందరికంటే నాకే బాగా తెలుసు, అందుకే అన్నీ ఎక్కించి ఒక్కటి ఉంచేశాను.